బీపీ కడియం: ఒక హేతువాది ఒప్పుకోలు

"నాకు బీపీ తెప్పించకు" అనే మాట మన ఇళ్ళల్లో రోజుకు నాలుగుసార్లయినా వినపడుతుంది. పిల్లాడు చదవకపోతే బీపీ, పనిమనిషి రాకపోతే బీపీ, క్రికెట్ ఓడిపోతే బీపీ. బీపీ అంటే కోపం అని మన భాషే తీర్మానించేసింది. ఈ తీర్మానం వల్ల ఎంత నష్టం జరుగుతోందో చెప్పడానికే ఈ వ్యాసం. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. అది కూడా చెప్తాను. ఎదుటివాళ్ళ మూఢనమ్మకాల గురించి ఎన్నో రాశాను కాబట్టి నా గురించి రాయకపోతే న్యాయం కాదు.

నేనుండేది అండమాన్‌లో. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా నోళ్ళకు ఇంకా పాతపేరే అలవాటు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ఉన్నది 3,80,581 మంది. అందులో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. చేపలు పట్టేవాళ్ళు, కూలిపనికి వచ్చి స్థిరపడ్డవాళ్ళు, ప్రభుత్వ ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళు. చిన్నవయసులో వచ్చినవాళ్ళంతా ఇప్పుడు ముసలివాళ్ళయ్యారు. వాళ్ళ పిల్లలు మాత్రం చదువుల కోసం, ఉద్యోగాల కోసం తిరుగు ఓడెక్కారు. ఓడంటే అలవాటుగా అన్నాను, ఇప్పుడంతా విమానాలే.

నా స్నేహితుడొకడున్నాడు. పేరెందుకు లెండి. మాది ఇద్దరిదీ శ్రీకాకుళం వైపే. ఓడల మీద పనిచేసి రిటైరయ్యాడు. నేను బడిపంతులుగా చేశాను కాబట్టి నన్ను "మాస్టారూ" అంటాడు. భార్య పోయింది. కొడుకు హైదరాబాదులో, కూతురు విశాఖలో. మనిషి నెమ్మదస్తుడు. ఎవరి మీదా గొంతెత్తడం నేను చూడలేదు. అలాంటివాడికి ఒకరోజు ఆస్పత్రిలో 170/100 ఉందని చెప్పారు. "నాకు కోపమే రాదు కదా మాస్టారూ, నాకు బీపీ ఏటి?" అన్నాడు. మన భాష చేసిన నష్టం అంటే ఇదే.

బీపీకీ కోపానికీ సంబంధం చాలా తక్కువ. కోపం వస్తే రక్తపోటు కాసేపు పెరుగుతుంది, మళ్ళీ దిగుతుంది. మెట్లెక్కినా పెరుగుతుంది. జబ్బు అనేది అది కాదు. ఏ గొడవా లేకుండా ప్రశాంతంగా కూర్చున్నప్పుడు కూడా, వేర్వేరు రోజుల్లో కొలిచినా 140/90 దాటి ఉంటే అది రక్తపోటు జబ్బు. వయసుతో రక్తనాళాలు బిరుసెక్కడం, ఉప్పు, బరువు, మద్యం, వంశం, కిడ్నీల పనితీరు, ఇలా అనేక కారణాలు కలిసి చేసే పని. దానికి నొప్పి ఉండదు. తలనొప్పి వస్తేనో, కళ్ళు తిరిగితేనో బీపీ అనుకోవడం ఇంకో అపోహ. చాలామందికి ఏమీ తెలియదు, ఒకరోజు మూతి వంకరపోయేదాకా.

బీపీ అనేది పట్నం జబ్బు, హడావుడి జబ్బు అనేవాళ్ళకు మా దీవుల నుంచే ఒక సమాధానముంది. కార్ నికోబార్‌లో నికోబారీ గిరిజనుల మీద జరిగిన ఒక అధ్యయనం 2011లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. పెద్దవాళ్ళలో దాదాపు సగం మందికి రక్తపోటు ఉందని తేలింది. చుట్టూ సముద్రం, కొబ్బరి తోటలు, 'తుహెత్' అనే పెద్ద ఉమ్మడి కుటుంబాలు. ట్రాఫిక్ లేదు, ఆఫీసు బాస్ లేడు. అయినా సగం మంది! "ప్రశాంతంగా ఉంటే బీపీ రాదు" అని బోధించే బాబాలు ఓసారి కార్ నికోబార్ వెళ్ళి రావాలి.

సరే, మా స్నేహితుడి విషయానికొద్దాం. డాక్టరు మాత్రలు రాశాడు. వేసుకున్నాడు. బీపీ తగ్గింది. ఇంతలో ఒక భజన బృందంలో చేరాడు. అక్కడ ఎవరో అతని చేతికి ఒక అయస్కాంత కడియం పెట్టి, నెలరోజుల్లో బీపీ మాయమైపోతుంది, ఈ ఇంగ్లీషు మాత్రలు కిడ్నీలు తినేస్తాయి అని చెప్పారు. ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆ కడియం నా కంటబడింది. ఇక నేను ఊరుకుంటానా? పదిమంది ఎదుట అరగంట ఉపన్యాసం దంచాను. అయస్కాంతానికీ రక్తంలోని ఇనుముకూ ఎందుకు సంబంధం లేదో చెప్పాను. "ఇది పనిచేసేదైతే ఎమ్మారై స్కానింగుకు వెళ్ళినవాళ్ళందరికీ బీపీ పోవాలి" అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వి, "మీకన్నీ ఎకసెక్కాలే మాస్టారూ" అంటూ చొక్కా చెయ్యి కిందకు లాక్కున్నాడు.

ఆ చెయ్యి కిందకు లాక్కోవడాన్ని నేను ఆ రోజు గెలుపు అనుకున్నాను.

ఆ తర్వాత అతను నాతో బీపీ గురించి మాట్లాడలేదు. నేను "మాత్రలు వేసుకుంటున్నావా?" అంటే "ఆ" అనేవాడు. నాలుగు నెలల తర్వాత ఒక తెల్లవారుజామున పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. అప్పుడు తెలిసింది, కడియం పెట్టుకున్న రెండోనెల నుంచే మాత్రలు మానేశాడని. నాకెందుకు చెప్పలేదంటే, చెప్తే నేను మళ్ళీ నవ్విస్తానని. ఈ మాట అతనికి మాట కొంచెం తిరిగొచ్చాక, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చెప్పాడు.

కడియం వల్ల బీపీ తగ్గిందని అతను ఎందుకు నమ్మాడో ఆలోచించాను. అతను తెలివితక్కువవాడు కాదు. సముద్రం మీద నలభయ్యేళ్ళు గాలిని, మబ్బును చూసి లెక్కలు కట్టినవాడు. అతను చూసింది అతను నమ్మాడు. చూసినదానిలోనే మోసముంది. బీపీ రోజంతా ఒకేలా ఉండదు, కెరటంలా లేస్తూ పడుతూ ఉంటుంది. బాగా లేచిన రోజున మనిషి భయపడతాడు. భయపడ్డ రోజునే కడియం కొంటాడు. తర్వాతెప్పుడు కొలిచినా ఎంతో కొంత తగ్గే కనిపిస్తుంది, కడియం ఉన్నా లేకున్నా. రెండోది, ఆస్పత్రిలో తెల్లకోటు చూస్తే చాలామందికి బీపీ ఎక్కుతుంది, భజన మందిరంలో స్నేహితుల మధ్య కొలిస్తే తగ్గుతుంది. మూడోది, మొదటి నెలంతా అతను మాత్రలు కూడా వేసుకున్నాడు. పని మాత్రలది, పేరు కడియానిది. ఆ తర్వాత మాత్రలు ఆపాడు. ఆపిన మర్నాడే ఏమీ కాదు. మెల్లగా పెరుగుతుంది, పెరిగినట్టు తెలియదు. "చూశారా, మానేసినా బాగానే ఉన్నాను" అనిపిస్తుంది.

"జీవితాంతం వేసుకోవాలంటే అది అలవాటు పడిపోవడం కాదా?" అని అడుగుతారు. కాదు. డింగీకి చిన్న చిల్లుంటే మనం ఏం చేస్తాం? వేటకు వెళ్ళినన్నాళ్ళూ నీళ్ళు తోడుకుంటూ ఉంటాం. నీళ్ళు తగ్గాయి కదా అని డబ్బా సముద్రంలో పారేయం. మాత్ర కూడా ఆ డబ్బా లాంటిదే. ఇక కిడ్నీల సంగతి. ఏ మందుకైనా దుష్ఫలితాలుంటాయి, అందుకే డాక్టరు అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయిస్తాడు. కానీ కిడ్నీలను ఎక్కువగా పాడుచేసేది అదుపులో లేని బీపీయే.

"అన్నీ తెల్లవాళ్ళ మందులేనా, మన మూలికలు పనికిరావా?" అనేవాళ్ళకు ఒక చరిత్ర చెప్పాలి. సర్పగంధ అచ్చంగా మన మూలికే. బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ దాన్ని రక్తపోటు రోగుల మీద పరీక్షించి 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించారు. ప్రపంచమంతా తీసుకుంది. 1952లో దాన్నుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. లక్షలమంది వాడారు. తర్వాత కొందరిలో తీవ్రమైన దిగులు కలుగుతోందని నివేదికలు వచ్చాయి, ఇంకా మంచి మందులు వచ్చాయి, దాని వాడకం తగ్గిపోయింది. ఇదీ పద్ధతి. మూలిక అని తిరస్కరించలేదు, మనది అని నెత్తిన పెట్టుకోలేదు. కొలిచారు, వాడారు, లోపం కనపడ్డాక పక్కన పెట్టారు. కడియం అమ్మేవాడు ఇందులో ఏ ఒక్కటీ చెయ్యడు.

చట్టం కూడా ఉంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కొన్ని జబ్బుల జాబితా ఇచ్చి, వాటిని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదంది. ఆ జాబితాలో రక్తపోటు ఉంది. తాయెత్తు, మంత్రం, కవచం వంటివి కూడా ఆ చట్టం కిందకే వస్తాయి. కాబట్టి ఎగతాళి చెయ్యాల్సింది, నిలదియ్యాల్సింది అమ్మినవాడిని. నేను చేసిందేమిటి? కొన్నవాడిని పదిమందిలో నవ్వులపాలు చేశాను. అమ్మినవాడు ఇంకో చేతికి ఇంకో కడియం తొడుక్కుంటూ పోయాడు.

ఇది హేతువాద మిత్రులందరం ఆలోచించాల్సిన విషయం అనుకుంటాను. అసలు అతను భజనకు ఎందుకు వెళ్ళాడు? దేవుడి మీద హఠాత్తుగా భక్తి పుట్టి కాదు. మా దీవుల్లో దేశమంతటికీ ఉన్న గడియారమే నడుస్తుంది గానీ సూర్యుడు మాత్రం తన లెక్కన తాను వెళ్ళిపోతాడు. నవంబర్‌లో సాయంత్రం అయిదింటికే పొద్దుగుంకుతుంది. అయిదున్నరకల్లా చీకటి. నిద్రపట్టేది పదింటికి అనుకున్నా, ఒంటరి ముసలివాడు నాలుగున్నర గంటలు నాలుగు గోడల్ని చూస్తూ కూర్చోవాలి. భజనలో ఎవరో ఒకరు "తిన్నావా అన్నా?" అని అడుగుతారు. రెండురోజులు రాకపోతే ఇంటికి వచ్చి చూస్తారు. నేను ఆ పనేదీ చెయ్యలేదు. మాత్ర గురించి అడిగాను గానీ అన్నం గురించి అడగలేదు.

ఒంటరితనం అంటే ఏదో కవిత్వం కాదు. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ ఇచ్చిన నివేదిక, లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, ఏడాదికి సుమారు 8 లక్షల 71 వేల మరణాలతో దానికి సంబంధముందని చెప్పింది. బీపీ ఉన్న వృద్ధుల విషయంలో ఆ సంబంధం ఎలా పనిచేస్తుందో నా కళ్ళతో చూశాను. దిగులుగా ఉన్నవాడు వండుకోడు. వండుకోనివాడు గంజిలో ఊరగాయో, కాల్చిన ఎండుచేపో నంజుకుంటాడు. రెండూ ఉప్పు మూటలే. రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, అతనికి ఆ ఒక్క పూటలోనే సగం పైన పోతుంది. నిద్రపట్టదు. మోకాళ్ళు నొప్పులంటూ మందుల షాపులో నొప్పి మాత్రలు కొని మింగుతాడు. ఆ నొప్పి మాత్రల్లో చాలావాటికి బీపీని పెంచే గుణముంది. చివరికి, "ఈ వయసులో ఇంకెందుకు ఈ మాత్రలు, ఎవరికోసం?" అంటాడు. ఈ ప్రశ్నకు ఏ అయస్కాంత సిద్ధాంతంతో జవాబు చెప్తాం?

ఆ ప్రశ్నలో సగానికి మాత్రం సైన్సు దగ్గర జవాబుంది. 80 ఏళ్ళు దాటినవాళ్ళకు బీపీ మందులు ఇస్తే లాభమా అని 3,845 మంది మీద జరిపిన 'హైవెట్' పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. మందు తీసుకున్నవాళ్ళలో పక్షవాతం మరణాలు 39 శాతం, మొత్తం మరణాలు 21 శాతం తక్కువ. కాబట్టి "ఈ వయసులో ఎందుకు" అంటే "ఈ వయసులో కూడా అందుకే". "ఎవరికోసం" అన్న మిగతా సగానికి జవాబు పరిశోధన చెప్పదు. మనుషులే చెప్పాలి.

మా దీవుల్లో ఇది మరీ ముఖ్యం. మెదడులో రక్తనాళం మూసుకుపోయి వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల లోపు పడాలి. ముందు స్కానింగు చెయ్యాలి. కాంప్‌బెల్ బే నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు అయిదువందల కిలోమీటర్ల పైన సముద్రం. హెలికాప్టర్ రావాలంటే వాతావరణం బాగుండాలి. తుఫాను రోజుల్లో ఓడలూ కదలవు. హైదరాబాదులో ఉన్నవాడికి పక్షవాతం వచ్చాక ఒక అవకాశముంది. ఇక్కడ చాలామందికి రాకముందే ఉన్న అవకాశం తప్ప రెండోది లేదు. అందుకే మా ముసలివాళ్ళు మాత్రలు అయిపోయేదాకా ఆగకుండా పదిహేను రోజులవి అదనంగా పెట్టుకోవాలి. ఓడ ఆలస్యమైతే కూరగాయల ధర పెరగడం మనకు వెంటనే తెలుస్తుంది, మాత్ర దొరక్కపోవడం బీపీకే తెలుస్తుంది.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ ప్రారంభమయ్యాక మాకు ఇంటర్నెట్ బాగుపడింది. అంతకుముందు ముక్కుతూ మూలుగుతూ ఉండేది. ఇప్పుడు మనవరాలి ముఖం ఫోన్‌లో చూడొచ్చు. అదే కేబుల్ మీద వాట్సాప్ వైద్యం కూడా వచ్చింది, వెల్లుల్లితో బీపీకి చెక్, నిమ్మరసంతో మాత్రలకు సెలవు అంటూ. వాటిని పంపేది ఎక్కువగా దూరాన ఉన్న పిల్లలే. దూరంగా ఉన్నామన్న బాధతో పంపుతారు. బాబూ, తల్లీ, అవి మానేసి రోజూ ఒకే టైముకు ఫోన్ చేసి "మాత్ర వేసుకున్నావా, ఇవాళ ఎంతుంది, ఏం వండావు?" అని అడగండి. ఏ వెల్లుల్లీ అంత పని చెయ్యదు.

ఇక నేనేం చేశానో చెప్పి ముగిస్తాను. కొందరు మిత్రులకు కోపం రావచ్చు. నేను ఆ భజన బృందం దగ్గరకే వెళ్ళాను. పెద్దమనిషితో మాట్లాడాను. "భజన మీది, మిషన్ నాది. మీరు మొదలుపెట్టకముందు వరండాలో కూర్చుని అందరికీ బీపీ చూస్తాను, లోపలికి రాను" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి ఒప్పుకున్నాడు. ఇప్పుడు గురువారం గురువారం ఒక కుర్చీ, ఒక మిషన్, ఒక నోటు పుస్తకం. పద్ధతి చెప్తాను, ఎవరైనా చెయ్యొచ్చు. అరగంట ముందు నుంచి టీ, బీడీ ఉండకూడదు. అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. రెండుసార్లు చూసి రాసుకోవాలి. ఇంట్లో చూసుకునేవాళ్ళకు సగటున 135/85 దాటితే డాక్టరుకు చెప్పాలి. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవాళ్ళకు నిలబెట్టి కూడా చూడాలి. మాత్రలు ఎక్కువై అలా జరగొచ్చు, రాత్రి బాత్రూముకు లేచి పడిపోయేది ఇలాంటివాళ్ళే. ఎంతొచ్చినా మాత్రలు మార్చేది డాక్టరే, నేను కాదు, పక్కింటాయనా కాదు.

ఒక మిత్రుడు ఫోన్ చేసి "భజన మందిరం ముందు కూర్చోవడం రాజీ పడటం కాదా?" అన్నాడు. గోరాగారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి ఉపన్యాసాలిచ్చి ఊరుకోలేదు. కులాలన్నిటినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. మనం ఉపన్యాసాలు మిగుల్చుకుని పంక్తి వదిలేశాం. ఆ ఖాళీలోకి భజన వచ్చింది, భజన వెనక కడియం వచ్చింది. మనకంటూ సాయంత్రం పూట ముసలివాళ్ళు కూర్చునే ఒక చోటుంటే నేను అక్కడే కూర్చునేవాణ్ణి. ఉందా?

మా స్నేహితుడు ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. మాత్రలు క్రమంగా వేసుకుంటున్నాడు, బీపీ అదుపులో ఉంది. కడియం ఇంకా చేతికే ఉంది. ఈసారి పదిమందిలో కాదు, అతని ఇంట్లో, ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. "ఒక నెల తీసేసి చూద్దామా? మాత్రలు మాత్రం ఆపొద్దు. రోజూ రాద్దాం." ఒప్పుకున్నాడు. నెల తిరిగాక కడియం ఉన్న నెల అంకెలు, లేని నెల అంకెలు పక్కపక్కన పెట్టి చూశాం. ఏమీ తేడా లేదు. ఒక్క మనిషి లెక్క రుజువు కాదని నాకు తెలుసు. కానీ అతని ప్రశ్నకు అతనే కొలిచి తెచ్చుకున్న జవాబు అది.

పుస్తకం మూసి కడియం మళ్ళీ తొడుక్కున్నాడు. ఎందుకన్నాను. "ఇది ఏటీ సెయ్యదని తెలిసింది మాస్టారూ. కానీ ఇది కట్టిందాయన ఆస్పత్రిలో మూడు రాత్రులు నా మంచం పక్కన కూకున్నాడు" అన్నాడు.

నేనేమీ అనలేదు. చొక్కా చెయ్యి మాత్రం అతను కిందకు లాక్కోలేదు.